మేడ మీద పెద్దాయన పోతే...

సమస్య

హైదరాబాద్‌లో మాకు సొంతిల్లుంది. కింద మేముంటూ మేడ మీది వాటా అద్దెకిచ్చాం. ఆ కుటుంబం చాలా ఏళ్లుగా ఉంటోంది, మంచివాళ్లు. ఆ ఇంటి కోడలి మామగారికి క్యాన్సర్ ముదిరింది. డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. అప్పట్నుంచి మా అత్తగారికి కంటి మీద కునుకు లేదు. "ధనిష్ఠా పంచకంలో పోతే ఆరు నెలలు ఇల్లు వదిలి పోవాలి. ముందే ఖాళీ చేయించు" అని పోరుతున్నారు. మావారు అవుననరు, కాదనరు. నిజానికి నాకూ భయమే. చిన్నప్పుడు నానమ్మ పోతే పిల్లలందర్నీ పక్కూరు పంపేశారు. ఇంతవరకూ శవాన్ని దగ్గర్నుంచి చూడలేదు. రాత్రిళ్లు పైనుంచి దగ్గు వినిపిస్తే గుండె దడదడలాడుతోంది. మొన్న ఆ అమ్మాయి మెట్ల దగ్గర ఆపి, "అక్కా, మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా?" అంది. నాకు నోట మాట రాలేదు. ఏం చేయను?

– ఓ ఇల్లాలు, హైదరాబాద్

సలహా

అమ్మా, వాళ్లని ఖాళీ చేయించకండి. ఈ రోజే మీరూ మీవారూ పైకెళ్లి ఆ మాట చెప్పిరండి. ఈ స్థితిలో ఉన్న మనిషితో వస్తే వాళ్లకు మరో ఇల్లు ఎవరిస్తారు? అద్దెకుండే మనిషి ఆసుపత్రిలో పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని యజమానులున్నారు. రోడ్డు పక్కన టెంటు వేసుకుని ఏడ్చిన కుటుంబాలున్నాయి. అలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

అత్తగారి నమ్మకాన్ని ఎదిరించకండి, ఆవిడ లెక్కలోంచే మాట్లాడండి. పంచకమంటే ధనిష్ఠ సగం నుంచి రేవతి దాకా, 27 నక్షత్రాల్లో నాలుగున్నర. అంటే ఇంచుమించు ప్రతి ఆరు చావుల్లో ఒకటి పంచకంలో పడేదే. వెనకటి రోజుల్లో దాదాపు అందరూ ఇంట్లోనే పోయేవారు. ఆవిడ పుట్టిన ఇంట్లో, కాపురానికొచ్చిన ఇంట్లో ఎందరు పోయారో, ఆ ఇళ్లలోనే తర్వాత ఎన్ని పెళ్లిళ్లయ్యాయో, ఎందరు పురుడు పోసుకున్నారో అడగండి. దోషం చెప్పినవాళ్లే శాంతీ చెప్పారు. మీ పురోహితుణ్ని పిలిచి ఆవిడ ఎదుటే అడగండి. అవసరమైతే ఆ ఖర్చు మీరు పెట్టుకోండి, అద్దెకున్నవాళ్ల మీద వేయకండి.

ఇక మీ భయం. నానమ్మను చూడనివ్వకపోవడం మీ మంచికే అనుకున్నారు పెద్దలు. కానీ చూడనిదాన్ని మనసు పదింతలు చేసుకుంటుంది. పైకెళ్లినప్పుడు ఆయన మంచం పక్కన కూర్చోండి. "బాబాయ్‌గారూ" అని పలకరించండి. దాహమంటే చెంచాతో నీళ్లు పట్టండి. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు, పోయాక తాకినా రాదు. నాలుగుసార్లు వెళ్లొస్తే ఆ దగ్గు ఎవరిదో మీకు తెలుస్తుంది. ఆయన పోయిన రోజు మీరు చూసేది కూడా ఆ తెలిసిన మొహాన్నే. భయం పూర్తిగా పోతుందని మాటివ్వలేను, చాలావరకు దిగుతుంది.

నొప్పితో బాధపడుతున్నారేమో కనుక్కోండి. ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. నొప్పికి మార్ఫిన్ ఇస్తారు. ఈ సంగతి తెలియక ఇంట్లో నరకం పడేవాళ్లు చాలామంది.

కొన్ని ఏర్పాట్లు ముందే అనుకోండి. ఫ్రీజర్ బాక్స్ మేడ మెట్లెక్కించడం కష్టం, కారు బయటపెట్టి మీ పోర్టికో ఇవ్వండి. ఇంట్లో పోతే, చూస్తున్న డాక్టరు చేత మరణ కారణం రాయించుకోవాలి, 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏడుపుల మధ్య వాళ్లకు అది తోచదు. ఆ పని మీవారికి ఒప్పజెప్పండి.