ఊరచెరువులో చేపలు: ఎన్ని పిల్లలు, ఎంత మేత?

ఉమ్మడి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో చెరువో, కుంటో లేని గ్రామము అరుదు. అందు పెక్కు వానకాలమున నిండి వేసవికి అడుగంటునవే. వానిలో చేపల పెంపకమును గూర్చి పంచాయతీ సభ్యులకు కొన్ని విషయములు తెలుపదలచితిమి.

మొదటి ప్రశ్న, ఏ చేపను వేయవలెను? జిలేబి యనబడు తిలాపియా ఏది వేసినను తినునని, త్వరగా ఎదుగునని పలువురు దానిని కోరుచున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. అయినను 1952లో మన దేశమునకు వచ్చిన మొజాంబిక్ తిలాపియా వ్యాప్తిపై 1959లోనే నిషేధము విధింపబడినది. కారణమేమన, అది రెండు మూడు నెలలకే గ్రుడ్లు పెట్టును. తల్లి వానిని నోటిలోనే పొదుగును. ఏడాదికి పలుమార్లు పిల్లలగును. చెరువు క్రిక్కిరిసి, మేత చాలక, చేపలు గిడసబారిపోవును. అలుగు పారినచో అవి మానేరు, కడెం వాగులగుండ గోదావరిని చేరి దేశవాళీ చేపల మేతను పంచుకొనును. పిమ్మట వానిని ఏరివేయుట ఎవరి తరము కాదు.

మేలుజాతి గిఫ్ట్ తిలాపియా పెంపకమునకు మత్స్యశాఖ అనుమతి, నీరు వెలికిపోని ప్రత్యేకమైన మడుగు కావలెను. ఊరచెరువు అందుకు తగదు.

ఊరచెరువునకు బొచ్చె, రోహు, మ్రిగాల మేలు. బొచ్చె పైనీటను, రోహు నడుమను, మ్రిగాల అడుగునను మేయును; ఒకదాని తిండికి మరొకటి అడ్డు రాదు. మేత వేసి పెంచు కుంటలో ఎకరమునకు 2,000 పిల్లలు చాలును. నూటికి బొచ్చె 40, మిగిలిన రెండును 30 చొప్పున వేయవచ్చును. నీరు కొద్ది నెలలే నిలుచు కుంటలో వ్రేలెడు పొడవైన పిల్లలనే వేయవలెను. మరీ చిన్నవి కొరమీను, వాలుగల పాలగును.

తవుడు, వేరుసెనగ చెక్క సమభాగములుగా కలిపి మేతగా వేయవలెను. 2,000 చేపలు ఒక్కొక్కటి 50 గ్రాములున్నచో మొత్తము 100 కిలోలు. నూటికి 3 వంతున దినమునకు 3 కిలోల మేత. నెలకొకమారు వల వేసి, కొన్నిటిని తూచి లెక్క సవరించుకొనవలెను. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచుచున్నచో ఆనాడు మేత ఆపవలెను. మిగిలిన మేత కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును.

2016లో తెలంగాణ ప్రభుత్వము ఉచిత చేపపిల్లల పంపిణీని ప్రారంభించినది. పిల్లలు ఎచ్చటినుండి వచ్చినను, నీటిలో విడుచుటకు ముందే మత్స్య సహకార సంఘము వారితో కూడి జాతిని, సంఖ్యను పరీక్షించుట సభ్యుల విధి. తూము దించుటకు ముందు చేపలకు ఎంత నీరు నిలుపవలెనో ఆయకట్టు రైతులతో నిర్ణయించుకొనుటయు అంతే ముఖ్యము. ఈ రెండు పనులకు పైసా ఖర్చు లేదు. ఏమరినచో నష్టము మాత్రము ఊరందరిది.