పోలీసు నాయకత్వం, నిర్వహణ – మనమూ చదవదగిన శాస్త్రం



మన హాస్టళ్లలో పోలీసు ఉద్యోగం అనగానే తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగు, గోడకు అంటించిన టైంటేబుల్, చేతులు మారే జనరల్ స్టడీస్ గైడు గుర్తుకొస్తాయి. నోటిఫికేషన్ పడితే సగం గదులు తెల్లారకముందే ఖాళీ అవుతాయి. మంచిదే. ఆ పరుగే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. అయితే ఖాకీ వేసుకున్నాక ఒక స్టేషన్‌ను, ఒక సర్కిల్‌ను, ఒక జిల్లాను ఎలా నడపాలనేదానికి కూడా ఒక చదువుంది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. దాని పేరే పోలీసు నాయకత్వం, నిర్వహణ. ఎం.ఏ.లో ప్రభుత్వ పాలనాశాస్త్రం చదువుతూ పోలీసు పాలనను నేను ప్రత్యేకాంశంగా తీసుకున్నాను. చదివినదానిలో మీకు పనికివస్తుందని తోచినది ఇక్కడ రాస్తున్నాను.

ఈ శాస్త్రం ఏం చెబుతుంది?

నిర్వహణ అంటే ఉన్న మనుషులను, వాహనాలను, సమయాన్ని పనికి తగ్గట్టు పంచడం. ఎవరికి నైట్ డ్యూటీ, ఎవరికి బీటు, ఎవరికి దర్యాప్తు, ఎవరికి బందోబస్తు అన్నది నిర్వహణ. ఆ మనుషులు అధికారి చూడనప్పుడు కూడా సరిగా పనిచేసేలా చేయడం నాయకత్వం. గట్టిగా అరవడం నాయకత్వం కాదు.

ఈ తేడా తెలియాలంటే ‘విచక్షణాధికారం’ అనే మాట అర్థం కావాలి. మన మెస్సునే తీసుకోండి. మెనూ గోడ మీద ఉంటుంది. దానిపై పెద్ద అధికారి సంతకం ఉంటుంది. కానీ పళ్లెంలో ఎంత పడాలో నిర్ణయించేది గరిటె పట్టిన చేయి. పోలీసు శాఖలోనూ అంతే. చట్టం పార్లమెంటు చేస్తుంది, సర్క్యులర్ డీజీపీ కార్యాలయం పంపుతుంది. అర్ధరాత్రి స్టేషన్ మెట్లెక్కిన మనిషిని కూర్చోమనాలా, పొమ్మనాలా అన్నది మాత్రం గుమ్మం దగ్గరున్న సెంట్రీ నిర్ణయిస్తాడు. పోలీసు శాఖలో కిందికి వెళ్లేకొద్దీ విచక్షణ పెరుగుతుందని అమెరికా పండితుడు జేమ్స్ క్యూ. విల్సన్ 1968లోనే రాశాడు. మిగతా సంస్థల్లో పైవాడికి ఎక్కువ స్వేచ్ఛ, ఇక్కడ కిందివాడికి. కాబట్టి ఆ గరిటె పట్టిన చేతిని ఎలా నడిపించాలి అన్నదే ఈ శాస్త్రానికి అసలు ప్రశ్న.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మా ఊళ్లో ఎవరికి స్టేషన్ పని పడినా చదువుకున్నవాడు తోడుండాలంటారు. మూడేళ్లుగా ఆ తోడు నేనే. ఒకసారి మా పెద్దమ్మ వరసైన ఆవిడ నోటితో చెప్పిన ఫిర్యాదును తీసుకోలేదు. కాగితం మీద రాయించుకొని రమ్మన్నారు. నోటిమాటగా చెప్పినా పోలీసులే రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ అదే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. చట్టం ఉంది, మరి ఎందుకు జరగలేదు? ఆ రోజు ఎంతమంది మెట్లెక్కారు, ఎంతమంది ఉత్త చేతులతో దిగారు అని పైనుంచి అడిగేవారు లేకపోవడం వల్ల. తరగతిలో పర్యవేక్షణ పాఠం వింటున్నప్పుడు నాకు ఆ మెట్లే కళ్లముందు మెదిలాయి.

చరిత్రలోంచి ఒక పాఠం

కోస్తా, రాయలసీమ జిల్లాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అప్పట్లో శిస్తు వసూలు చేసే రెవెన్యూ సిబ్బందే పోలీసు పనీ చేసేవారు. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని ఫిర్యాదులు రావడంతో ఒక విచారణ సంఘం ఏర్పడింది. 1855లో నివేదిక ఇచ్చి, హింస నిజమేనని తేల్చింది. ఆ తర్వాత 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. పోలీసు పనిని రెవెన్యూ నుంచి విడదీసి, జిల్లాకొక సూపరింటెండెంటు పర్యవేక్షణలో పెట్టారు. రోగం కింద ఉద్యోగి చేతిలో కనబడినా, మందు పైనున్న నిర్మాణంలో వెతికారన్నమాట.

కానీ 1857 తిరుగుబాటు తర్వాత వచ్చిన 1861 పోలీసు చట్టం ప్రభుత్వానికి లొంగి ఉండే దళాన్నే కోరుకుంది. దానికి నమూనా ఐర్లండులోని సాయుధ కాన్‌స్టాబ్యులరీ. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో నెలకొల్పిన పోలీసు మాత్రం ప్రజల సమ్మతి మీద నిలబడాలనుకున్నది. స్టేషన్ అంటే మన పెద్దవాళ్లకు ఇప్పటికీ ఉన్న జంకుకు వేర్లు ఇక్కడున్నాయి.

రెండు ప్రయోగాలు

ఈ శాస్త్రంలో నాకు బాగా నచ్చినది అనుకున్నదాన్ని పరీక్షించి చూడడం.

మొదటిది అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972-73లో జరిగింది. పోలీసు వాహనాలు ఎక్కువగా తిరిగితే నేరాలు తగ్గుతాయని అందరూ నమ్మేవారు. 15 బీట్లను తీసుకొని మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో మామూలు గస్తీ మానేసి, ఫోన్ వస్తేనే వెళ్లారు. రెండో భాగంలో గస్తీని రెండు మూడు రెట్లు చేశారు. మూడోదాన్ని ఉన్నట్టే ఉంచారు. ఏడాది తర్వాత చూస్తే నేరాల్లోగానీ, ప్రజల భయంలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊరికే తిరగడం వేరు, ఎక్కడ ఎందుకు తిరగాలో తెలిసి తిరగడం వేరని ఆ తర్వాత పరిశోధనలు సాగాయి.

రెండోది మన దేశానిదే. రాజస్థాన్ పోలీసు శాఖ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులతో కలిసి 11 జిల్లాల్లోని 162 స్టేషన్లలో కొన్ని మార్పులను పరీక్షించింది. పరిశోధకుల్లో ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్ కూడా ఒకరు. ఆమె 2023 చివర సీఐఎస్‌ఎఫ్‌కు తొలి మహిళా అధిపతి అయ్యారు. బెనర్జీ, డుఫ్లోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మార్పులేమిటంటే:

1. సిబ్బంది బదిలీలను కొంతకాలం ఆపడం
2. సిబ్బందికి దర్యాప్తులో, ప్రజలతో మెలగడంలో శిక్షణ ఇవ్వడం
3. వారానికొక సెలవు, డ్యూటీలను వంతులవారీగా మార్చడం
4. ఊరివాళ్లను పరిశీలకులుగా స్టేషన్‌లో కూర్చోబెట్టడం

స్టేషన్ ఎలా ప్రవర్తిస్తోందో తెలుసుకోవడానికి ఫిర్యాదుదారుల వేషంలో మనుషులను కూడా పంపారు. ఫలితం ఏమిటి? బదిలీలు ఆపడం, శిక్షణ ఇవ్వడం మంచి ఫలితం చూపాయి. వారాంతపు సెలవు, డ్యూటీల మార్పు, ఊరి పరిశీలకులు – ఇవి పెద్దగా పనిచేయలేదు. ఆలోచన చెడ్డదై కాదు. రోజూ స్టేషన్ అధికారి సహకరిస్తేనే నడిచే పనులవి, ఆ సహకారం నిలవలేదు. పైనుంచి వచ్చిన మంచి ఆదేశం కూడా మధ్యలో ఉన్న అధికారి మనసు పెట్టకపోతే కాగితం మీదే ఉండిపోతుంది. ఆ మధ్య అధికారి ఎవరు? ఎస్సై, సీఐ. మన హాస్టల్ పిల్లలు రేపు కూర్చోబోయే కుర్చీలు అవే!

బదిలీల సంగతి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న ఇచ్చిన తీర్పులో డీజీపీకి, జిల్లా ఎస్పీకి, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరుచేయాలని, ఫిర్యాదుల అథారిటీలు పెట్టాలని ఆదేశించింది. ఆరు నెలల్లో పెట్టె సర్దుకునేవాడు ఊరిని ఎప్పుడు తెలుసుకుంటాడు?

మనకు దీనితో ఏం సంబంధం?

చాలా ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని నియమాలు 1995లో. ఆ నియమాల ప్రకారం ఈ కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. ఆ అధికారిని గత అనుభవం, సామర్థ్యం, న్యాయదృష్టి చూసి నియమించాలి. దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేయడానికి 60 రోజుల గడువు ఉంది. బాధ్యత కావాలని నిర్లక్ష్యం చేసిన ఉద్యోగికి, అతను ఎస్సీ, ఎస్టీ కానివాడైతే, 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇది నేర చట్టమే అయినా, దీనిలోపల ఉన్నది నాయకత్వ పాఠం. దర్యాప్తును పై అధికారికి అప్పగించినది ఎందుకు? కింద ఒత్తిళ్లు ఎక్కువని. న్యాయదృష్టి అన్న మాట రాసింది ఎందుకు? హోదా ఒక్కటే చాలదని. ఈ నియమం బతకడం, చావడం ఆ డీఎస్పీ మీదా, అతణ్ని అడిగే ఎస్పీ మీదా ఆధారపడి ఉంటుంది. అందుకే బాధితుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఆ కుర్చీల దాకా వెళ్లాలని, వెళ్లేముందు ఆ పని చదువుకొని వెళ్లాలని నా కోరిక.

ఎక్కడ చదవాలి?

పోలీసు శాఖలోకి మనకు నాలుగు తలుపులున్నాయి: కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్-1 ద్వారా డీఎస్పీ, సివిల్స్ ద్వారా ఐపీఎస్. ఐపీఎస్‌కు ఎంపికైనవారికి హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణ ఉంటుంది. ఇది 1948లో మౌంట్ ఆబూలో మొదలై, 1975లో హైదరాబాద్‌కు వచ్చింది.

ఉద్యోగం రాకముందే చదవాలనుకునేవారు ఎం.ఏ. ప్రభుత్వ పాలనాశాస్త్రం తీసుకోవచ్చు. ఏ డిగ్రీ చేసినా చదవగల సబ్జెక్టు ఇది. ఇంటి పరిస్థితి వల్ల పనిచేసుకుంటూ చదవాల్సినవారికి ఇగ్నోలోనూ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనూ దూరవిద్య ఉంది. పోలీసు, భద్రతా విషయాలకే ప్రత్యేకమైన రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం గుజరాత్‌లోని గాంధీనగర్ దగ్గర ఉంది. 2020లో దానికి జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ హోదా వచ్చింది. విదేశీ విద్యా పథకాల సాయం అందుకోగలవారికి కేంబ్రిడ్జి వంటి చోట్ల నేరశాస్త్రం ఉంది.

కానిస్టేబుల్‌గా చేరినవారు ‘మనకెందుకీ చదువు’ అనుకోవద్దు. విచక్షణ అంతా ఉన్నది మీ చేతిలోనే అని పైన చెప్పుకున్నాం కదా!

ఇప్పుడే చేయగల మూడు పనులు

1. పేపర్లో పోలీసు వార్త చదివినప్పుడు ‘ఎవరు చేశారు’ అన్న దగ్గరే ఆగకండి. ‘ఎవరు చూసుకోవలసింది, ఎవరు అడగవలసింది’ అని కూడా నోటుబుక్కులో రాసుకోండి.
2. ఫిర్యాదు రాయడం నేర్చుకోండి. తేదీ, సమయం, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు – ఈ ఐదూ ఉంటే చాలు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపే హక్కు చట్టంలో ఉందని ఊళ్లో పదిమందికి చెప్పండి.
3. హాస్టల్ మెస్ కమిటీలో, స్టడీ అవర్ లీడర్‌గా బాధ్యత వస్తే వదులుకోకండి. తోటివాళ్లను భయపెట్టకుండా పనిచేయించడం అక్కడే అలవాటవుతుంది.

మన హాస్టళ్ల నుంచి కానిస్టేబుళ్లు, ఎస్సైలు వచ్చారు, ఇంకా వస్తారు. వాళ్లు పనిచేసే స్టేషన్‌లో చదువురాని మనిషి ఒంటరిగా మెట్లెక్కి, నోటితో చెప్పి, చేతిలో నకలుతో దిగాలి. అంతకన్నా మంచి నాయకత్వం ఏ పుస్తకంలోనూ లేదు.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి,
ఎం.ఏ. (ప్రభుత్వ పాలనాశాస్త్రం), ద్వితీయ సంవత్సరం