వేసవి సెలవులు – వృత్తి, కుటుంబం

వేసవి అనగానే విద్యార్థులకు విశ్రాంతి స్ఫురిస్తుంది. అధ్యాపకులమైన మాకు మాత్రం జవాబు పత్రాల మూల్యాంకనం, రాబోయే సంవత్సరపు పాఠాల తయారీ అప్పుడే వచ్చిపడతాయి. ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేదీ అప్పుడే. రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పదని మేమూ చాలాకాలం భావించాం.

ఒక వేసవిలో, దాదీ ఊరి నుండి రాసిన ఉర్దూ ఉత్తరాన్ని పిల్లలు తెచ్చి చదివి పెట్టమన్నారు. తెలుగు బోధించే మా ఇంట, ఇంటి భాషకు లిపి కరవైనదని నాడు తెలిసివచ్చింది.

అప్పటి నుండి ఒక నియమం పెట్టుకున్నాం. ఎండ ముదరకముందే వృత్తి సంబంధమైన పని ముగిస్తాం. రోహిణీకార్తె వడగాలికి తలుపులు మూసుకున్నాక, సెలవులకు వచ్చిన దాదీ చుట్టూ చేరి, పారసీ, అరబ్బీల నుండి ఉర్దూలోకి, తెలుగులోకి వచ్చి స్థిరపడిన మాటలు వెదకుతాం. కాగితం, కలం, జవాబు, దుకాణం, ఖరీదు! ఒక్కొక్క మాటను పిల్లలు తెలుగులో ఎడమ నుండి, ఉర్దూలో కుడి నుండి రాస్తారు. ఆ పట్టికయే తరగతిలో అన్యదేశ్యాల పాఠానికి ఉదాహరణ అవుతుంది.

ఇప్పుడు దాదీ ఉత్తరానికి పిల్లలే ఉర్దూలో జవాబు రాస్తున్నారు. విద్యార్థులారా, ఈ వేసవిలో మీరూ మీ ఇంటి పెద్దల చెంత ఒక పూట కూర్చోండి.