కోట శ్రీనివాసరావు - మన యాస

కోట శ్రీనివాసరావు గారు 1942లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలు వేశారు. ‘ప్రాణం ఖరీదు’ (1978)తో సినిమాల్లోకి వచ్చారు. 2025 జులై 13న కన్నుమూశారు. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారిని ఎవరు మరువగలరు!

‘ప్రతిఘటన’ (1985)లో దుర్మార్గుడైన మంత్రిగా తెలంగాణ యాస పలికారు. కోస్తాలో పుట్టిన మనిషి ఆ యాసను అంత బాగా పట్టుకోవడం గొప్పే. కానీ పహాడీ షరీఫ్‌లో మేము రోజూ మాట్లాడే మాట అప్పటి సినిమాల్లో ఎక్కువగా విలన్లకో, నవ్వించేవాళ్లకో దక్కింది. తప్పు నటునిది కాదు, పాత్రలు రాసినవారిది. ‘ఫిదా’ (2017)లో హీరోయిన్, ‘బలగం’ (2023)లో ఊరు ఊరంతా అదే యాస మాట్లాడారు. మా వార్షికోత్సవ నాటకంలో హీరో కూడా గిట్లనే మాట్లాడుతడు.