పది టన్నుల రొయ్యకు ఒకటిన్నర మిల్లీగ్రాము

భీమవరం, నరసాపురం, అమలాపురం ప్రాంతాల చెరువు గట్లపై రొయ్య బేరం కౌంటుతో మొదలవుతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది అంత కౌంటు. 100 కౌంటు అంటే రొయ్య 10 గ్రాములు. 30 కౌంటు అంటే సుమారు 33 గ్రాములు. కౌంటు తగ్గినకొద్దీ ధర పెరుగుతుంది. ఈ లెక్క డెల్టాలో రైతుకు, కమీషన్ ఏజెంటుకు, పట్టుబడి కూలీకి కూడా కంఠతా వచ్చు.

అయితే ధరను శాసించే రెండో లెక్క ఒకటి ఉన్నది. అది కాటాపై కనిపించదు. ప్రయోగశాలలో మాత్రమే తేలుతుంది. రొయ్య మాంసంలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మందు లెక్క అది.

రెండో లెక్క

క్లోరాంఫెనికాల్ అనే మందుకు ఐరోపా సమాఖ్య 2003లో పెట్టిన కొలత కిలోకు 0.3 మైక్రోగ్రాము. 2022 నవంబరు 28 నుంచి అది 0.15కు తగ్గింది. నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషాలకు అప్పటివరకు 1 మైక్రోగ్రాముగా ఉన్న కొలత అదే తేదీ నుంచి 0.5 అయింది.

మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. దీనిని వ్యాపార భాషలోకి మార్చితే సంగతి బోధపడుతుంది. పది టన్నుల రొయ్యల్లో, అంటే 10,000 కిలోల్లో, అంతా కలిపి ఒకటిన్నర మిల్లీగ్రాముల క్లోరాంఫెనికాల్ ఉంటే కొలత అంచుకు చేరినట్లే. మనుషులకిచ్చే 250 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర ఒక్కదానిలోని మందు సమంగా పరచుకుంటే, 1,600 టన్నులకు పైగా సరుకును అదే అంచుకు తేగలదు. చెరువులో అలా సమంగా పరచుకోదు నిజమే. కాని "చిటికెడు మందు వల్ల ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు ఈ అంకెలే సమాధానం.

ఇంత కాఠిన్యం ఎందుకు?

క్లోరాంఫెనికాల్ ఒకప్పుడు టైఫాయిడ్ జ్వరానికి విరివిగా వాడిన మందు. అరుదుగానే అయినా, కొందరిలో ఇది ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తకణాల ఉత్పత్తిని ఆపివేస్తుంది. ఈ ప్రమాదానికి మోతాదుతో నిమిత్తం లేదు. కనుక ఇంతవరకు తినవచ్చునని ఒక సురక్షిత పరిమితి చెప్పడం సాధ్యపడలేదు. 0.15 అన్నది పరికరాలతో నమ్మకంగా పట్టుకోగల కొలతను బట్టి పెట్టినదే తప్ప, అంత ఉంటే మంచిదేనన్న అనుమతి కాదు.

నైట్రోఫ్యూరాన్‌లది మరొక చిక్కు. మందు శరీరంలో త్వరగానే మాయమవుతుంది. దాని నుంచి పుట్టిన పదార్థాలు మాత్రం మాంసానికి అంటిపెట్టుకుని వారాల తరబడి నిలుస్తాయి. వండినా పోవు. మందు ఆపి కొద్ది రోజులు ఆగి పట్టుబడి చేస్తే చాలుననే లెక్క ఇక్కడ తప్పుతుంది. క్యాన్సర్ కారకాలన్న కారణంపై వీటిని ఆహార జీవాల పెంపకంలో నిషేధించారు.

దీనికి తోడు, చెరువుల్లో యాంటీబయాటిక్ వాడకం పెరిగితే సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగకుండా పోతాయి. ఆ నష్టం చివరకు ఆసుపత్రిలోని రోగి మీద పడుతుంది.

డెల్టా రైతు గుర్తించవలసిన విషయం ఇంకొకటి ఉన్నది. 1994-95లో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వచ్చేది. 2009లో అనుమతి పొంది చెరువులను ఆక్రమించిన వనామి రొయ్యకూ అది సోకుతుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. భయంతో వేసిన మందు పంటను కాపాడకపోగా సరుకును చెడగొడుతుంది.

ప్లాంటు నుంచి చెరువుకు

ఎగుమతి సరుకుపై నాణ్యత నిఘాకు 1963 నాటి ఎగుమతుల నాణ్యతా నియంత్రణ, తనిఖీ చట్టం ఆధారం. 1972 చట్టం క్రింద సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. చాలాకాలం తనిఖీ అంటే ప్రాసెసింగ్ ప్లాంటులోని పరిశుభ్రతే. 1997లో ఐరోపా భారత సముద్ర ఉత్పత్తులను నిలిపివేసినప్పుడు కూడా ప్లాంట్ల శుభ్రతే ప్రధాన ఆక్షేపణ. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా ప్రమాద విశ్లేషణ పద్ధతిని తప్పనిసరి చేసింది. ఎగుమతి సంస్థలు ఐసు, నీరు, గ్లవుజులు, రికార్డు పుస్తకాలు సరిచేసుకున్నాయి.

మందు అవశేషం అలా సరిచేసుకోగలిగినది కాదు. అది ప్లాంటులోకి రాకముందే రొయ్యలో ఉంటుంది. అందుచేత చట్టం గట్టు దిగి చెరువులోకి వచ్చింది.

చెరువు అంతకుముందే న్యాయస్థానం దృష్టిలో పడింది. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 1996 డిసెంబరు 11న తీరం వెంబడి రొయ్యల సాగుకు కళ్ళెం వేసింది. అది ప్రధానంగా పర్యావరణ తీర్పు. దాని పర్యవసానంగా 1997లో ఒక అథారిటీ, తరువాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. చెరువు నమోదు తప్పనిసరి అయింది. 20 రకాల మందులు నిషేధ పట్టీకెక్కాయి. 2023 సవరణ జైలు శిక్షను తొలగించి, ఆర్థిక జరిమానాలను ఉంచింది. తీరానికి దూరంగా ఉన్న లోపలి చెరువులకు 2020 నాటి రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం ఉన్నది. మేత నాణ్యతకు అదే సంవత్సరం వేరే చట్టం చేశారు. 2025లో కేంద్రం మరొక మెట్టు ఎక్కి, ఆహార జీవాల పెంపకానికి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల తయారీ, దిగుమతి, అమ్మకాలనే నిషేధించింది.

నష్టం ఎవరి ఖాతాలో?

2016లో ఐరోపా సమాఖ్య భారత చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటాను నూటికి 10 నుంచి 50కి పెంచింది. తప్పు చేసింది కొందరైనా తనిఖీ భారం దేశం సరుకు అంతటిపైనా పడింది. అమెరికాలో తిరస్కరించిన సరుకు వివరాలను సంస్థ పేరుతో సహా ప్రకటిస్తారు. ఒక్కసారి ఆ జాబితాకెక్కిన పేరు తరువాతి బేరాల్లోనూ వెంటాడుతుంది.

కంటైనర్ తిరిగి వస్తే ఎగుమతిదారుకు రానుపోను ఓడ కిరాయి, శీతల గిడ్డంగి అద్దె, ప్యాకింగ్ రుణంపై వడ్డీ మీద పడతాయి. కొన్నవాడు దివాలా తీస్తే ఎగుమతి రుణ హామీ సంస్థ ఆదుకోవచ్చును. సరుకులోనే ఉన్న లోపం, నాణ్యతపై తగాదా సాధారణంగా ఆ బీమా పరిధిలోకి రావు. కాబట్టి ఎగుమతిదారు ఆ భయాన్ని ముందుగానే కొనుగోలు ధరలో కలుపుకుంటాడు. కిలోకు 40 రూపాయలు తగ్గించాడనుకుంటే, 5 టన్నుల పట్టుబడికి రైతు పోగొట్టుకునేది 2 లక్షల రూపాయలు. మేత అప్పుపై తెచ్చి, చెరువు లీజుకు పట్టిన చిన్న రైతుకు ఒక పంట మిగులు అందులోనే పోవచ్చును.

మందు వేయని రైతు కూడా ఈ కోత భరించవలసి రావడం ఇందులో అన్యాయం. ఒకే కంటైనర్‌లో పలు చెరువుల సరుకు కలుస్తుంది. ఏ చెరువుదో తేల్చే కాగితం లేనప్పుడు, ధర తగ్గింపు అందరికీ వర్తిస్తుంది.

రైతు చేతిలోని రక్షణ

కాబట్టి నమోదు పత్రం, పట్టుబడికి ముందు జరిపే పరీక్ష ఫలితం కేవలం అధికారుల కోసం దాచే కాగితాలు కావు. అవి రైతు బేరంలో చూపదగిన సరుకు. ముందస్తు పరీక్షలో దోషం తేలిన చెరువు ఐరోపాకు పనికిరాదు. నిర్దోషమని తేలిన చెరువుకు తన కొనుగోలుదారును అడిగే హక్కు వస్తుంది.

మేత, ఖనిజ మిశ్రమం, ప్రోబయాటిక్ ఏది కొన్నా బిల్లు, బ్యాచ్ సంఖ్య ఉంచుకోవాలి. పేరు, తయారీదారు చిరునామా లేని పొట్లాన్ని చెరువులో వేయరాదు. సీడ్ ఏ హేచరీ నుంచి, ఏ తేదీన వచ్చిందో రాసుకోవాలి. రేపు అవశేషం బయటపడితే, అది తన చేతి నుంచి రాలేదని చూపగలిగేది ఆ పుస్తకమే.

భారం రైతుపైనే మోపడం సబబు కాదు. అప్పు మేతతో పాటు మందు పొట్లం అంటగట్టే దుకాణం, కాగితం అడగకుండా కొని ధర కోసే ఏజెంటు కూడా ఈ గొలుసులోని లంకెలే. ప్లాంట్లు నిర్దోష చెరువుకు కొంతైనా ఎక్కువ ధర కట్టినప్పుడే పుస్తకం రాసే అలవాటు నిలుస్తుంది. కౌంటుకు ధర కట్టడం డెల్టా ఎప్పుడో నేర్చుకున్నది. శుభ్రమైన సరుకుకు ధర కట్టడం ఇక నేర్చుకోవలసిన పాఠం.