డ్రోన్ పిచికారీ: పట్టీలు ఎందుకు మిగులుతాయి?

ప్రశ్న: వరిలో ఆకుముడత పురుగుకు డ్రోన్‌తో మందు కొట్టించాను. పట్టీలు పట్టీలుగా పురుగు మిగిలింది. పక్కనే చేపల చెరువు ఉంది, మందు అటు పోతుందని భయం. – ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: డ్రోన్ నాజిళ్ల మందు మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా పడుతుంది. డ్రోన్ ఎగిరే వరుసల మధ్య దూరం ఎక్కువైతే ఆ పలచటి చోటే పురుగు బతుకుతుంది. ఒక వరుస అంచు మీద పక్క వరుస కొంత కలిసేలా దూరం తగ్గించాలి.

గాలి దిశ ఇంకా ముఖ్యం. వరుసలు గాలికి అడ్డంగా సాగాలి. పని గాలి పోయే వైపు గట్టు దగ్గర మొదలై, గాలి వచ్చే వైపుకు జరగాలి. అప్పుడు కొట్టుకుపోయే తుంపరలో ఎక్కువ భాగం అప్పటికే తడిసిన వరి మీదే పడుతుంది. అమెరికాలో మందు చల్లే విమానాల పైలట్లు పాటించేదీ ఇదే. విమానం ఉన్నచోటే తిరగలేదు కనుక పెద్ద పొలాల్లో కోలగా చుట్లు కొడుతుంది. డ్రోన్‌కు రానుపోను వరుసలు చాలు. మలుపులో పిచికారీ ఆపి, మిగిలిన చివర్లకు ఆఖర్న గట్టు వెంట ఒక వరుస వేయాలి.

గాలి చెరువు వైపు వీస్తుంటే పని వాయిదా వేయడమే సరైనది. గాలి పూర్తిగా స్తంభించినా మంచిది కాదు. సన్నని తుంపర పైనే వేలాడి, తర్వాత ఎటైనా పోతుంది. వరుసలకు అడ్డంగా కాగితాలు పరిచి, శుభ్రంగా కడిగిన ట్యాంకులో వట్టి నీళ్లతో ఒకసారి ఎగరేస్తే లోపం బయటపడుతుంది.

అయినా పట్టీలు మిగిలితే, మళ్లీ కొట్టించే ముందు వ్యవసాయ అధికారికి పొలం చూపించాలి. చేపలు తేలితే వెంటనే మత్స్యశాఖకు చెప్పాలి. మందు కొట్టినవారికి వాంతులైనా, చూపు మసకబారినా మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.