వేషం దొరక్కపోయినా పంపండి

నాటకానికి పిల్లల్ని పంపమంటే మన బళ్లారి తల్లిదండ్రులు ముందు అడిగేది ఒకటే: ‘మావాడికి ఏం వేషం ఇస్తారు?’ కృష్ణుడో అభిమన్యుడో అయితే సంతోషం. ద్వారపాలకుడనగానే ముఖం చిన్నబోతుంది. ఆ ప్రశ్నను కొన్నాళ్లు అడక్కండి.

కోలాచలం శ్రీనివాసరావుగారి ‘రామరాజు చరిత్ర’ నాటకం పేరును బట్టి చూస్తే రామరాజుదే. జనం చెప్పుకున్నది మాత్రం పఠాన్ రుస్తుం వేషం వేసిన బళ్లారి రాఘవ గురించి. వేషం చిన్నదా పెద్దదా అన్నది పేపరు మీద తేలేది కాదు. పైగా ఈ ఊళ్లో నాటకాన్ని నిలబెట్టిన ముగ్గురు పెద్దలు దాంతో పొట్ట పోసుకోలేదు. సరస వినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. సుమనోరమ సభ నడిపించిన కోలాచలం వారూ వకీలే. ధర్మవరం వారి మేనల్లుడు రాఘవా అంతే. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. కాబట్టి ‘నాటకాల్లో పడితే చదువు చెడుతుంది’ అని ఎవరైనా అంటే ఈ ముగ్గురి పేర్లూ చెప్పండి. ఎస్సెల్సీ, పీయూసీ పరీక్షల ముందు నెలల్లో మాత్రం వేషం ఒప్పుకోకండి. ఆ మాట మొదటిరోజే నాటకం మేస్టరుతో చెప్పేస్తే ఇద్దరికీ మంచిది.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. 1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటినుంచి ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలకు బడిలో కన్నడ, ట్యూషన్లో ఇంగ్లీషు. తెలుగు వంటింట్లో మిగిలింది. ‘అన్నం పెట్టు’, ‘ఇప్పుడే వస్తా’ అన్నంత మేరకు బాగానే మాట్లాడతారు. కోపగించుకోవాలన్నా, బతిమాలాలన్నా, పెద్దవాళ్లకు ఎదురుచెప్పాలన్నా సగంలో భాష మారిపోతుంది. నాటకంలో అలా కుదరదు. రాజుగారితో ఒక తీరున, చెలికాడితో మరో తీరున మాట్లాడాలి. మీరు, నువ్వు, తమరు ఎక్కడెక్కడ వాడాలో వాక్యం వెంట వాక్యం పలుకుతుంటే నోటికి పడుతుంది.

తెలుగు చదవడం రాదని వెనక్కి తగ్గకండి. పాత్రను కన్నడ లిపిలో రాసి చేతికివ్వండి, తప్పేమీ లేదు. రెండు లిపులూ దగ్గరివే. డైలాగు నోటికి వచ్చాక అదే కాగితం తెలుగులో రాసి చూపిస్తే చాలా అక్షరాలు వాళ్లే పోల్చుకుంటారు. అక్షరమాల పుస్తకం కొనిచ్చి కూర్చోబెట్టేకన్నా ఇది తేలిక అని నా నమ్మకం.

సిగ్గరి పిల్లలుంటారు. వాళ్లను స్టేజీ మీదికి తోయకండి, తెర వెనక్కి పంపండి. మాట అందించడం, అంటే ప్రాంప్టింగు, చిన్న పనేం కాదు. నటుడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడా, మాట మరిచి ఆగాడా అన్నది పక్క తెర సందులోంచి కనిపెట్టాలి. ముందే అందిస్తే అతని పట్టు చెడుతుంది, ఆలస్యమైతే హాలంతా దగ్గడం మొదలెడుతుంది. అందించాల్సింది మొత్తం వాక్యం కాదు, మొదటి రెండు మాటలు. అదీ ముందు వరసకు వినబడకుండా. ఈ పని నాలుగు నాటకాలకు చేసిన పిల్ల నాటకమంతా కంఠతా పట్టేస్తుంది. ఏదో ఒక రోజు ఎవరో రాకపోతే ఆ వేషం వేసేస్తుంది కూడా.

ఆడపిల్లల విషయంలో మీ జంకు నాకు తెలుసు. ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని రాఘవ ఆ రోజుల్లోనే పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి నటించారు. ఆ ధైర్యాన్ని మెచ్చుకుంటూనే ఇవాళ్టి జాగ్రత్తలు ఇవాళ తీసుకోండి. ఆడపిల్లలకు వేరే మేకప్ గది ఉందా, రిహార్సలు ఎన్ని గంటలకు ముగుస్తుంది, ఎవరు దిగబెడతారు? అడగడానికి మొహమాటపడకండి. ఈ మూడింటికి సూటిగా జవాబివ్వని బృందానికి పంపకండి.

దిగబెట్టి వెళ్లిపోయేకన్నా మీరే కాసేపు ఉండిపోతే ఇంకా మేలు. బృందాల్లో ఎప్పుడూ మనుషులు చాలరు. సూదిదారం పట్టుకోగల అమ్మ, రెండు బల్లలు మోయగల నాన్న వస్తే ఎవరూ కాదనరు. అన్నట్టు, వేషం తీయడంలో చెయ్యి వేస్తే, మీసం అంటించిన గమ్మును గోకి పీకకూడదు. కొబ్బరినూనె రాసి కాసేపు ఆగితే దానంతటదే వదులుతుంది. లేకపోతే మర్నాడు పిల్లాడు ఎర్రటి పైపెదవితో బడికి పోతాడు.

ప్రదర్శన రోజు రెండు పనులు చేయకండి. ముందు వరసలో ఫోన్ ఎత్తి వీడియో తీయకండి. ఆ వెలుగు పడితే పిల్లల చూపు ఎదుటి పాత్ర మీంచి మీ మీదికి మళ్లుతుంది. డైలాగు మరిచిపోతే ఇంటికొచ్చాక ఆ ఊసు మీరు ఎత్తకండి, వాళ్లే ఎత్తుతారు. అప్పుడు ‘తర్వాత ఎలా అందుకున్నావు?’ అని అడగండి. ఎవరు ఏ మాట కలిపారో, ప్రాంప్టరు ఎక్కడ అందించాడో పూసగుచ్చినట్టు చెబుతారు. మధ్యలో ఆపకుండా వినండి.